అందరూ దిగినారు సారూ

పోయిన నెలలో ఒక పొద్దున ఉదయగిరి నుంచి మా అత్త ఎదురింటామె ఫోన్ చేసింది. ఆ వేళకు ఆమె కొయ్య చెంచాలు చెక్కుతూ వసారాలో కూర్చొని ఉంటుంది, ఎవరికీ ఫోన్ చెయ్యదు. "పాపా, మీ అత్త పోయిందమ్మా" అంది. నా నోట్లోంచి మొదట వచ్చిన మాట, "కొండ మీదనా?"

"కొండేంది పాపా! ఇంట్లోనే, మంచం మీదనే. నిద్దట్లోనే పోయినట్టుండాది. మొగం చూస్తే ఇంకా నిదరపోతా ఉన్నట్టే ఉండాది."

నాకు వెంటనే ఏడుపు రాలేదు. మంచం మీద పోయింది, జారలేదు, పడలేదు, వానలో ఒంటరిగా లేదు అని గుండె ముందు కుదుటపడింది. ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడు ఏడుపు వచ్చింది. సొంత మేనత్త పోయిందని తెలిసి ముందు ఊరట పడడమేమిటని చదివేవాళ్ళకు అనిపించవచ్చు. ఆమె గురించి చెబితే అర్థమవుతుంది.

ఆమె మా నాయనకు చెల్లెలు. ఉదయగిరి నుంచి దుత్తలూరు దాకా పల్లెలు తిరిగి, పసిబిడ్డలకు సూదిమందు వేస్తూ, బాలింతలను చూసుకుంటూ నర్సుగా పనిచేసి రిటైరైంది. మామ అక్కడి హైస్కూల్లో సోషల్ అయ్యవారు. వాళ్ళకు పిల్లలు లేరు. సెలవులిస్తే నేనే వాళ్ళింట్లో ఉండేదాన్ని.

మా అత్త అంత భయస్తురాలిని నేను చూడలేదు. ఆదివారం చర్చికి బయలుదేరి సగం దారిలో ఆగి, గ్యాస్ కట్టేశానో లేదోనని వెనక్కి వచ్చేది. ఉరిమితే టీవీ వైరు పీకేసేది. వీధి కుక్క మొరిగితే నన్ను తన వెనక్కి లాక్కునేది, అది ఎవరి మీద మొరుగుతోందో కూడా చూసేది కాదు. ఒక బిడ్డకు సూది వేసి వచ్చిందంటే ఇక మనసు ఆ పల్లెలోనే ఉండేది. జ్వరం ఎంత వచ్చిందో, తల్లి మాత్ర సరిగ్గా వేసిందో లేదోనని సతమతమై, మరునాడు ఎవరూ పిలవకపోయినా మళ్ళీ ఆ ఊరు పోయి బిడ్డ ఒళ్ళు తాకి చూసి వచ్చేది. సిస్టరమ్మకు మా బిడ్డలంటే ఎంత ప్రేమో అని తల్లులు పొంగిపోయేవాళ్ళు. "ప్రేమా లేదు, గీమా లేదు. భయం మే, ఉత్త భయం" అని నాతో నవ్వేది.

నేను టీచరు ఉద్యోగంలో చేరే రోజు భయంగా ఉందని ఫోన్ చేస్తే ఆమె చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "భయం ఉంటే ఉండనీ పాపా. చెప్పులేసుకో."

మామ అందుకు పూర్తిగా విరుద్ధం. ఆయనకు కొండ పిచ్చి. ఉదయగిరిలో ఏ వీధిలో నిలబడినా పైన దుర్గం కొండ కనిపిస్తుంది. గజపతులు ఏలి, విజయనగర రాయలు నెలల తరబడి ముట్టడించి గెలుచుకొని, ఆ తర్వాత నవాబుల చేతుల్లోకి, చివరకు దొరల చేతుల్లోకి పోయిన కోట అది. ఇప్పుడు అంతా అడవి. కోటగోడల సందుల్లో చెట్లు మొలిచి రాళ్ళను పెకలించాయి. కాలిబాట కంపల మధ్య, పెచ్చులూడిన మెట్ల మీదుగా, కూలిన వాకిళ్ళ కిందుగా పోతుంది. అక్కడక్కడా నీళ్ళు నిలిచిన గుండాలు, పైకప్పు లేని మసీదు, విగ్రహం లేని గుడి, మందుగుండు దాచిన కొట్లు. ఏటా చలికాలంలో మామ తొమ్మిదో తరగతి పిల్లలను అక్కడికి తీసుకుపోయేవాడు. మెడలో ఈల, సంకలో హాజరు పట్టీ. తుపాకీ కంతలున్న ఒక బురుజు దగ్గర అందరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పేవాడు. నేనూ ఒక ఏడు ఆ పాఠం విన్నాను.

"ముట్టడి అంటే కత్తులు దూసుకొనేది అనుకుంటా ఉండారా? లోపలోళ్ళు, బయటోళ్ళు ఇద్దరూ కాచుకొని కూచునేదిరా ముట్టడంటే. ఎవరికి ముందు ఓపిక పోతే వాళ్ళు ఓడినట్టు."

ఇంటికి వచ్చి నేను ఈ మాట చెబితే అత్త మామ వైపు చూసి, "అయితే నీ మెళ్ళో పడినకాణ్ణుంచీ నేను ముట్టడిలోనే ఉండా" అంది. ఎత్తంటే కళ్ళు తిరిగే మనిషి. అన్ని సంవత్సరాల కాపురంలో ఆ కొండ మొదటి వాకిలి కూడా ఆమె చూడలేదు. పిల్లలకు పులిహోర పొట్లాలు కట్టి పంపేది. వాళ్ళు పైన ఉన్నంతసేపూ ఏమీ తినలేకపోయేది.

రిటైరైన కొన్నేళ్ళకు మామకు మతిమరుపు మొదలైంది. ముందు వస్తువుల పేర్లు పోయాయి, తర్వాత మనుషులు. ఒకరోజు కాన్వాసు బూట్లు వేసుకొని, ఈల మెడలో తగిలించుకొని వాకిట్లోకి వచ్చాడు. ఎక్కడికని అత్త అడిగితే, "పిల్లలు పైన ఉండారు. దించుకొని రావాల" అన్నాడు.

బజారు దాకా పోయి పిలుచుకొచ్చారు. మరునాడూ అంతే. నెల్లూరు డాక్టరు ఆయనతో వాదించవద్దని, బయటకు పోనివ్వవద్దని రెండూ చెప్పాడు. ఆ రెండూ కలిపి ఎలా చెయ్యాలో చెప్పలేదు. అత్త తలుపుకు తాళం వేసింది. ఆయన తలుపు మీద గోళ్ళతో గీరుతూ ఏడ్చాడట. "పొద్దు వాలిపోతా ఉండాది. వానొస్తా ఉండాది. నా పిల్లల్ని చంపుతారా మీరు?" ఒక తప్పిపోయిన బిడ్డ కోసం తండ్రి ఏడ్చే ఏడుపది, పైన ఎవరూ లేరని మనకు తెలిసినా సరే. కొన్నాళ్ళు ఆమె ఓర్చుకుంది. తర్వాత తాళం తీసి, తనూ చెప్పులు వేసుకొని ఆయన వెంట కొండకు బయలుదేరింది.

ఆ మొదటిసారి గురించి ఆమె చెప్పినదే నాకు తెలుసు. మెట్లు నిటారుగా ఉన్న చోట చేతులు కూడా ఆనించి పాకిందట. లోయ కనిపించే పక్కన కళ్ళు మూసుకొని, ఆయన తువ్వాలు కొస పట్టుకొని నడిచిందట. బురుజు దగ్గరికి చేరాక మామ కింద వాలంతా తేరిపార చూసి, ఆమె వైపు తిరిగి, "సిస్టరూ, పిల్లలందరూ దిగినారా?" అని అడిగాడు. అప్పుడామెకు తెలిసింది, ఆయనకు తను భార్యగా గుర్తులేదని. ఆసుపత్రి వాళ్ళు పిల్లల వెంట పంపిన నర్సు అనుకుంటున్నాడు.

"ఏం చేసినావు అత్తా?" అని అడిగాను.

"ఏం చేసేది? 'అందరూ దిగినారు సారూ, నేను చూసినాను' అన్నా. నమ్మినాడు. 'మంచిది సిస్టరూ, మనమూ దిగుదాం' అన్నాడు. ఇంట్లో ఇదే మాట ఎన్నిమార్లు చెప్పినా నమ్మలా. ఆ బురుజు కాడ వాలంతా చూస్తేనే నమ్ముతాడు."

"మరి నిన్ను గుర్తుపట్టలేదని బాధ లేదా?"

"ఉండదా? కానీ పెండ్లాం చెప్తే కసురుకొనేవాడు పాపా. సిస్టరు చెప్తే వింటా ఉండాడు."

అప్పటినుంచి ఆమె కూడా ఆయన్ను 'సారూ, మీరు' అని పిలవడం మొదలుపెట్టింది. ఆయన మనసు అటు లాగినప్పుడల్లా ఇద్దరూ బురుజు దాకా ఎక్కి దిగేవాళ్ళు. ఆమె సంచిలో నీళ్ళ సీసా, ఉప్పు చక్కెర పొట్లం, గాయాలకు మందు, దూది ఉండేవి. వీలైనప్పుడు నేనూ పోయేదాన్ని. దారిలో అడుగు పెట్టే ముందు ప్రతి రాయినీ కర్రతో తట్టేది, పాము ఉంటుందేమోనని. పొదలో ఆకు కదిలితే ఎలుగుబంటి అనుకొని నిలబడిపోయేది. ఆమె చేతి చెమటకు తువ్వాలు కొస తడిసిపోయేది. బంధువులు ఫోన్లు చేసి తిట్టారు. ఇద్దరూ కలిసి ఏ లోయలోనో పడితే శవాలను ఎవరు మోసుకొస్తారని ఒకాయన అడిగాడు. "నాకూ అదే భయం, అన్నా" అని ఆమె నిజం చెప్పి ఫోన్ పెట్టేసింది.

వానాకాలంలో మాత్రం నాకు నిద్ర ఉండేది కాదు. మబ్బు కమ్మితే చాలు, సంగం ఊళ్ళో నేను పనిచేసే బడి కిటికీలోంచి పడమటి వైపు చూసేదాన్ని. అక్కడినుంచి ఉదయగిరి కనిపించదని తెలిసినా చూసేదాన్ని.

భయపడినదే జరిగింది. తుఫాను తర్వాత ముసురు పట్టి ఉన్న రోజుల్లో అత్తకు జ్వరం వచ్చింది. మాత్ర వేసుకొని కాస్త కన్ను మూసింది. లేచేసరికి వాకిలి గడియ తీసి ఉంది, బూట్లు లేవు, ఈల లేదు. నేను క్లాసులో ఉండగా ఫోన్ వచ్చింది.

"పాపా, సారు కనపళ్ళా. ఈళ్ళంతా బస్టాండూ చెరువుకట్టా ఎతకతా ఉండారు. యాడుండాడో నాకు తెలుసు. నేను పోతా ఉండా."

"అత్తా, ఆగు! ఒక్కదానివే పోవద్దు, నేనొచ్చేదాకా ఆగు!"

"నువ్వొచ్చేలోగా ఏమన్నా అయితే?" అంది. ఫోన్ కట్ అయింది. మళ్ళీ చేస్తే మోగలేదు.

ఆ ప్రయాణం నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. ఆత్మకూరులో బస్సు మారాను. అనుమసముద్రంపేటలో దర్గాకు వచ్చిన జనం ఎక్కుతూనే ఉన్నారు, డ్రైవరు టీ తాగడానికి దిగాడు. నేను సీటు కడ్డీ పట్టుకొని మనసులో బస్సును నెడుతున్నాను. దుత్తలూరు దాటాక కొండల మీద మబ్బు దిగి ఉండటం కనిపించింది. దుర్గం ఉండాల్సిన చోట తెల్లగా పొగమంచు తప్ప ఏమీ లేదు.

కొండ కింద మేకలు కాసుకునే ఒకాయన తన మందను దొడ్లోకి తోలి, గోనెసంచి తల మీద కప్పుకొని బయలుదేరుతున్నాడు. నడివయసు మనిషి. నన్ను చూసి, "మీ అత్త పోతా పోతా నన్ను కేకేసిందమ్మా. సారును నేను చూళ్ళేదు, అటుపక్క ఉండా. రాండి, బిరీన పోదాం" అన్నాడు.

ఎక్కాం. మెట్ల మీద నీళ్ళు పారుతున్నాయి. "అత్తా! మామా!" అని అరిస్తే నా కేక పొగమంచులో నాలుగు బారలు కూడా పోయినట్టు అనిపించలేదు. బురుజు దగ్గర ఎవరూ లేరు. ఎప్పుడూ అక్కడితో ఆగే మనిషి ఈసారి ఆగలేదు. అంతలో అంత దూరాన సన్నగా ఈల వినిపించింది. మేకలాయన నా చెయ్యి పట్టుకొని, మందుగుండు కొట్లు దాటి, గోడ వెంబడి నడిపించాడు.

కోటగోడ ఒకచోట లోయ మీదికి పోయి విరిగిపోతుంది. ఆ విరిగిన కొస దగ్గర మామ నిలబడి ఉన్నాడు, ముఖం లోయ వైపు. ఆయనకూ మాకూ మధ్య, గోడ మీద బోర్లా పడుకొని ఉంది మా అత్త. చీర బురద, మోచేతులు గీరుకుపోయాయి. నేను అరవబోతే, తల తిప్పకుండానే చెయ్యి వెనక్కి చాపి, వద్దని సైగ చేసింది.

"వాళ్ళింకా రాలేదు సిస్టరూ" అంటున్నాడు మామ. "కింద యాడో ఉండారు. పోయి చూస్తా."

"పోవద్దు సారూ. ఆడినుంచే పిలవండి. హాజరు పిలవండి. పిలిస్తే పలుకుతారు."

హాజరు అనే మాట ఆయన లోపల ఎక్కడో తగిలింది. నిటారుగా నిలబడ్డాడు. గొంతు సవరించుకొని ఒక పేరు పిలిచాడు, క్లాసులో పిలిచినట్టే. కింద పొగమంచు. ఏ జవాబూ లేదు. ఆయన అడుగు ముందుకు కదిలింది.

"ప్రెజెంట్ సార్!" అంది అత్త, చిన్నపిల్ల గొంతుతో.

ఆయన ఆగాడు. వెనక్కి తిరిగాడు.

"పలికినోళ్ళందరూ ఈ పక్కన లైన్లో నిలబడినారు సారూ. ఒక్కొక్క పేరూ మీరు పిలవండి, ఒక్కొక్క అడుగు వచ్చి చూసుకోండి."

ఇంకో పేరు పిలిచాడు. ఈసారి నేను పలికాను. ఒక అడుగు ఇటు వేశాడు. ఎప్పటి పిల్లల పేర్లో, ఏ సంవత్సరపు పేర్లో, భార్య పేరు మరచిపోయిన మనిషికి అన్నీ వరసగా వస్తున్నాయి. అత్త ఒకసారి, నేనొకసారి, మేకలాయన ఒకసారి ప్రెజెంట్ సార్ అంటున్నాం. వాన మా నోళ్ళలో పడుతోంది. గోడ రాయి ఒకటి ఆయన బూటు కింద కదిలి లోయలోకి పోయింది. అది ఎక్కడ పడిందో చప్పుడు కూడా రాలేదు. అత్త కళ్ళు మూసుకుంది, కానీ గొంతు ఆపలేదు.

ఒక పేరు దగ్గర ఎవరమూ పలకలేదు. మేకలాయన వంతు అది. ఆయన మామ ముఖంలోకే చూస్తున్నాడు. మామ కనుబొమలు ముడిచి మళ్ళీ అదే పేరు పిలిచాడు, కాస్త గట్టిగా.

"ఉన్నా సార్" అన్నాడాయన. "నేనే సార్. ఈడనే ఉన్నా."

అది ఆయన సొంత పేరని తర్వాత తెలిసింది. తొమ్మిదిలో బడి మానేశాడట.

మామ అత్త దగ్గరికి వచ్చాడు. ఆమె చెయ్యి చాపి ఆయన చీలమండ పట్టుకుంది. ఆయన వంగి ఆమెను చూసి, కంగారుగా, "సిస్టరూ, ఏంది ఈడ పండుకున్నారు? జ్వరమా?" అన్నాడు.

"అవును సారూ, జ్వరం. నన్ను కిందికి తీసకపోండి."

ఆయన వెంటనే ఆమెను లేపి, భుజం కింద చెయ్యి వేసి, గోడ మీద నుంచి మెల్లగా ఇవతలికి తెచ్చాడు. కొండ కింది దాకా ఆయనే ఆమెను నడిపించాడు. జారే చోట ముందు తను దిగి, చెయ్యి అందించాడు. మేమిద్దరం వెనక నడిచాం. నిజంగానే ఆయన పట్టుకోకపోతే ఆమె దిగగలిగేది కాదు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమెకు కాఫీ ఇస్తే గ్లాసు చేతిలో నిలవలేదు, చీర మీద ఒలికింది. ఆ గోడ ఎలా ఎక్కావని అడిగాను.

"యాడెక్కినా పాపా? కాళ్ళు రానంటే రానన్నాయి. అందుకే పండుకొని పాకినా."

"ఇప్పుడు భయం పోయిందా?"

"యాడికి పోతాది?" అని గ్లాసు కింద పెట్టింది. చాలా రోజులు ఆమెకు ఆ వణుకు తగ్గలేదు. వాకిలికి పైన ఇంకో గడియ పెట్టించి, రోజూ దాన్ని లాగి లాగి చూసుకునేది.

మామ మళ్ళీ కొండకు పోలేదు. పొద్దు వాలేటప్పుడు కంగారు మొదలయ్యేది గానీ, అత్త ఆయన్ను వసారాలో కుర్చీలో కూర్చోబెట్టి, "హాజరు పిలవండి సారూ" అనేది. ఆయన పిలిచేవాడు. వంటింట్లోంచి ఆమె, చెంచాలు చెక్కుతూ ఎదురింటామె పలికేవాళ్ళు. వీధిలో పోయేవాళ్ళు మొదట వింతగా చూశారు, తర్వాత వాళ్ళూ పలికి పోయేవాళ్ళు. కొన్నాళ్ళకు ఆ పేర్లూ ఒక్కొక్కటే ఆయన్ను వదిలిపోయాయి. ఒక సాయంత్రం నేనూ అక్కడే ఉన్నాను. ఆయన నోరు తెరిచాడు, ఏ పేరూ రాలేదు. బెదిరిపోయి అత్త వైపు చూశాడు. ఆమె ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, "అయిపొయినాయి సారూ. అందరూ దిగినారు" అంది. ఆ ఎండాకాలంలోనే ఆయన పోయాడు.

తర్వాత ఆమె కొండ ఎక్కలేదు, నా భయం మాత్రం పోలేదు. ఒకసారి పోదామా అత్తా అని నేనంటే, "దేనికి? నాకు ఆ కొండంటే మొదట్నుంచీ పడదు" అంది. ఆత్మకూరుకు వచ్చి నా దగ్గర ఉండమంటే నాలుగు రోజులు ఉండి, ఇల్లు ఎలా ఉందోనని పోయేది. నాకు ఏదైనా కష్టం వచ్చి ఫోన్ చేస్తే ధైర్యం చెప్పడం ఆమెకు చేతకాదు. నాకంటే ఎక్కువ భయపడి, మరునాటి మొదటి బస్సుకు దిగేది. అలా దిగే మనిషి ఉందన్న నమ్మకం మీద నేను ఇన్నాళ్ళు ఎన్ని పనులకు సాహసించానో ఇప్పుడు తెలుస్తోంది.

ఆమెను మామ పక్కనే ఉంచాం. మట్టి వేసేటప్పుడు మేకలాయన కూడా ఉన్నాడు, చివరిదాకా కదల్లేదు.

నేను ఆమెను ప్రాణంతో చివరిసారి చూసింది ఉదయగిరి బస్టాండులో. ఎండ మండిపోతుంటే వద్దన్నా వచ్చింది. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. బస్సు కదిలింది. ఆమె చెయ్యి ఊపి నిలబడిపోలేదు. కొంగు నెత్తిన కప్పుకొని, బస్సు పక్కనే నడవసాగింది. నన్ను చూడటం లేదు, వంగి వెనక చక్రాన్ని చూస్తోంది. బస్సు వేగం అందుకున్నాక తల ఎత్తి ఏదో గట్టిగా చెప్పింది. ఇంజను మోతలో వినపడలేదు. "ఏంది అత్తా?" అని నేను కిటికీలోంచి బయటికి వంగి అరిచాను. దుమ్ములో ఇంకా నడుస్తూనే, రెండు చేతులూ ఎత్తి, తల లోపల పెట్టుకోమని సైగ చేస్తోంది.